గాయమెంత, బిల్లెంత?

ఆరోగ్య శాఖ పద్దులపై లోక్‌సభలో చర్చ జరిగినప్పుడల్లా విలేఖరుల గ్యాలరీలో కూర్చున్న నాకు వినిపించే పాట ఒక్కటే. మా జిల్లాకు స్కానింగు యంత్రం కావాలి, మా రహదారిపై ప్రమాద చికిత్సా కేంద్రం కావాలి అని సభ్యులు పార్టీ భేదం లేకుండా అడుగుతారు. అడగవలసిందే. కాని ఆ యంత్రాన్ని ఎవరికి, ఎందుకు వాడుతున్నారని నిలదీసిన సభ్యుని గొంతు నా చెవిని పడలేదు. ఈ ప్రశ్న నాకైనా తోచినది నా తెలివి వల్ల కాదు; జంషెడ్‌పూర్ ప్రయాణం వల్ల.

ఆ ఊరు తెలుగువారికి పరాయిది కాదు. శ్రీకాకుళం వైపు నుంచి ఉక్కు కర్మాగారంలో పనికి వెళ్లిన కుటుంబాలు తరాలుగా అక్కడ స్థిరపడి ఉన్నాయి. బిష్టుపూర్‌లో మనవారి రామమందిరం ఉన్నది. వైద్యానికీ ఆ ఊరు వెనుకబడినది కాదు. టాటా మెయిన్ ఆసుపత్రి 1908లోనే వెలిసింది. మహాత్మా గాంధీ స్మారక వైద్య కళాశాల 1961 నాటిది. వీటికి తోడు ప్రైవేటు నర్సింగ్ హోములు.

నా చిన్ననాటి మిత్రుని కుమారుడు ఆదిత్యపూర్‌లో స్కూటరు జారి పడ్డాడు. స్పృహ తప్పలేదు, వాంతి కాలేదు. చీలమండ వాచింది, అయినా నాలుగడుగులు నడిచి తానే ఆటో ఎక్కాడు. చేర్చిన నర్సింగ్ హోము పేరు ఇక్కడ అనవసరం. అడ్వాన్సు కట్టించుకున్నారు. తలకు, మెడకు, ఛాతీకి, పొట్టకు వరుసగా స్కానులు తీశారు. రాత్రంతా సెలైను, సూదిమందులు. ఉదయానికి తేలినది బెణుకు. బిల్లు చూసి నేను నోరు తెరవబోతే మిత్రుడు వారించాడు: "పోనీరా, డబ్బు పోతే పోయింది, పిల్లవాడు దక్కాడు కదా!"

నన్ను బాధించినది బిల్లు కాదు. మావాడి పొట్టకు స్కాను జరుగుతున్న వేళ అదే గది బయట, వరండాలో, తలకు కట్టు కట్టిన కూలీ ఒకడు స్పృహ లేక తన వంతు కోసం పడివున్నాడు. యంత్రం ఒక్కటే. అవసరం లేనివానికి చేసిన పరీక్ష అవసరమైనవాని నిమిషాలను తినివేసింది.

ఏ గాయానికి ఏ పరీక్ష అన్నది వైద్యశాస్త్రం తేల్చుకోలేని చిక్కు కాదు. చీలమండ గాయాలలో ఎవరికి ఎక్స్‌రే అవసరమో చేతితో తాకి, నడిపించి చూసి నిర్ణయించే సూత్రాలను కెనడాలోని ఒటావా వైద్యులు 1992లోనే ప్రకటించారు. తలకు స్వల్పంగా దెబ్బ తగిలినవారిలో స్కాను ఎవరికి తప్పనిసరో చెప్పే నియమావళి 2001లో అదే దేశం నుంచి వచ్చింది. తీవ్రంగా గాయపడినవారికి సైతం ఆపాదమస్తకం స్కాను తీసినంత మాత్రాన ఆసుపత్రి మరణాలు తగ్గలేదని 2016లో ఐరోపాలో జరిగిన పరిశోధన చూపింది.

చికిత్సల సంగతి మరీ విచిత్రం. తల గాయాలకు దశాబ్దాల తరబడి స్టెరాయిడ్లు ఇచ్చారు. 10,000 మందికి పైగా రోగులపై పరీక్షించి చూడగా అవి మరణాలను పెంచుతున్నాయని 2004లో బయటపడింది. మరోవైపు, రక్తస్రావమయ్యేవారికి సకాలంలో ఇస్తే ప్రాణం నిలిపే ట్రానెక్సామిక్ ఆమ్లం చవకైన మందు. దాని మేలును 2010లో నిరూపించిన పరిశోధనలో 40 దేశాల రోగులు పాల్గొన్నారు. అందులో మన దేశమూ ఉన్నది. ఖరీదుకూ ప్రయోజనానికీ పొత్తు లేదని ఇంతకంటె ఏమి చెప్పాలి?

వైద్యులను మాత్రమే నిందించి ప్రయోజనం లేదు. స్కాను తీసిన డాక్టరును ఎవరూ కోర్టుకీడ్వరు. తీయని డాక్టరుకు రాత్రి నిద్ర పట్టదు. రోగి బంధువులకు కూడా యంత్రం తిరిగితేనే వైద్యం జరిగినట్టు. యజమానికి పెట్టుబడి రాబట్టుకోవాలన్న ఆత్రం సరేసరి. అలాగని, పరీక్షలు తగ్గించాలన్న మాటను అడ్డుపెట్టుకొని పేదవానికి అవసరమైన స్కానును ఎగ్గొట్టే ప్రమాదమూ లేకపోలేదు. ఆ దారి మూసివేయవలసినదే.

ఇక ఢిల్లీ సంగతి. గాయపడినవానికి పోలీసు కాగితాల కోసం ఆగక చికిత్స చేయాలని సుప్రీంకోర్టు 1989లో పర్మానంద్ కటారా కేసులో శాసించింది. ఆయుష్మాన్ భారత్ పథకాన్ని 2018లో జార్ఖండ్ రాజధాని రాంచీ నుంచే ప్రారంభించారు. రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల వరకు, 1.5 లక్షల రూపాయల దాకా నగదు రహిత చికిత్స కల్పించే పథకం 2025 మే నెలలో నోటిఫై అయింది. 2022 ఒక్క సంవత్సరంలో 1,68,491 మందిని రోడ్లపై పోగొట్టుకున్న దేశానికి ఇది ఆలస్యంగా దక్కిన ఊరట.

అయితే ఆ 1.5 లక్షలు అడుగున్న కుండ. వ్యర్థమైన ప్రతి స్కానూ అందులో నుంచి ముంచుకున్న చెంబెడు నీరే. తొడ ఎముకకు శస్త్రచికిత్స చేయవలసిన వేళకు కుండ ఖాళీ అయితే మిగతా సొమ్ము ఎవరు కట్టాలి? ఆ కూలీ భార్య మెడలోని పుస్తెలేనా?

క్లినికల్ సంస్థల చట్టం 2010లోనే వచ్చింది. ప్రామాణిక చికిత్సా మార్గదర్శకాలను పాటించాలని దాని నియమాలు చెబుతున్నాయి. జార్ఖండ్ ఆ చట్టాన్ని స్వీకరించింది కూడా. కావలసినది కొత్త చట్టం కాదు, ఉన్నదానికి ప్రాణం. స్కాను ఎందుకు తీశారో కేసు షీటులో ఒక్క వాక్యం రాయాలి. ఆసుపత్రి మారిన రోగి వెంట పాత ఫిల్ములు వెళ్లాలి. మళ్లీ మొదటి నుంచి తీయరాదు. మార్గదర్శకాన్ని పాటించి స్కాను తీయని వైద్యునికి చట్టం అండ నిలవాలి. ఏ ఆసుపత్రి ఏ పరీక్షకు ఎంత రాబట్టిందో ఏటా పార్లమెంటు ముందుంచాలి.

మిత్రుని కొడుకు వారానికే పనిలోకి వెళ్లాడు. వరండాలోని ఆ కూలీ ఏమైనాడో నాకు తెలియదు. వచ్చే సమావేశాలలో మరొక యంత్రం కోసం చేయెత్తే సభ్యులు, ఉన్న యంత్రం ముందు అతని వంతు ఎప్పుడు వచ్చిందో కూడా అడుగుతారని ఆశిస్తాను.