మూట విప్పి కాపురముండుడి



మన పల్లెల బిడ్డలు అనేకులు అమీర్‌పేట మైత్రీవనం ప్రక్క ఇన్‌స్టిట్యూట్లలో కంప్యూటర్ కోర్సులు నేర్చుకొని, పంజాగుట్ట హాస్టళ్లలో ఉండి, ఉద్యోగమునకు అమెరికా వెళ్ళుచున్నారు. పిమ్మట పెండ్లి, పసిబిడ్డలు. క్రొత్త దేశములో కాపురము చేయుట మాత్రము ఏ కోర్సులోను నేర్పరు.

హెచ్-1బి వీసాపై భర్త పనికి పోవును. వెంట హెచ్-4 వీసాపై వెళ్ళిన భార్యకు 2015 వరకు పనిచేయు అనుమతియే లేదు. నేటికిని అది కొందరికే. బిడ్డతో నాలుగు గోడల మధ్య ఆమె ఒంటరితనము మనకు ఫోనులో వినబడదు.

బబులోనుకు చెరపట్టబడినవారు 2 ఏండ్లలో తిరిగి వత్తురని హనన్యా చెప్పెను. యిర్మీయా అయితే 70 ఏండ్లని వారికి పత్రిక వ్రాసి, అక్కడనే ఇండ్లు కట్టుకొని ఆ పట్టణ క్షేమమును కోరుడనెను (యిర్మీయా 28, 29 అధ్యాయములు). "రెండేండ్లలో వచ్చేస్తాము" అని మూట విప్పని కుటుంబములకు ఇది పాఠము.

కావున మేము కోరునది ఇదే. వెళ్ళువారలారా, బిడ్డ టీకాల కార్డు మరువకుడి, బడిలో అడుగుదురు. మొదటి ఆదివారమే సంఘమును వెదకుడి. కుటుంబ ప్రార్థన తెలుగులోనే చేయుడి. ఊరిలోని అత్తమామలారా, ఫోనులో కుమారుని జీతము కాదు, కోడలి క్షేమము మొదట అడుగుడి.

ప్రభువు మీ గృహములను దీవించును గాక.