దారిలో పడిన కూలి ఎవరి మనిషి?

పనిలో చేయి తెగిన కూలివానికి యజమాని పరిహార మీయవలెనని 1923 సంవత్సరపు చట్టము శాసించెను. అది పరప్రభుత్వము నాటి చట్టము. అందలి మెలిక మాత్రము స్వరాజ్యములోను చెక్కుచెదరలేదు. ప్రమాదము ‘ఉద్యోగమువలన, ఉద్యోగక్రమములో’ సంభవింపవలెనట! ఈ రెండు మాటలను పట్టుకొని బీమా కంపెనీల పక్షమున ఎన్నెన్ని వాదములు సాగినవో మావంటి వకీళ్లకు తెలియనిది కాదు.

1971లో కేరళమున ఒక కార్మికుడు నాలుగున్నర గంటల షిఫ్టుకు సైకిలుపై పోవుచు, కర్మాగారము కిలోమీటరు దూరమున నుండగా లారీ తగిలి గాయపడెను. అప్పుడు వేళ నాలుగుంబావు. అతనికి కార్మిక బీమా చెల్లదని 1996లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. ఆ వేళకు ఆ దారిని అతడు పోయినది షికారుకా?

2010లో పార్లమెంటు కార్మిక రాజ్యబీమా చట్టమును సవరించి రాకపోకల ప్రమాదములను చేర్చెను. 1923 నాటి చట్టము క్రిందివారు మాత్రము కోర్టుల చుట్టు తిరుగుచునే యుండిరి. మహారాష్ట్రమున ఒక చక్కెర మిల్లు కావలివాడు 2003 ఏప్రిల్ 22న తెల్లవారుజామున మూడు గంటల కావలికై మోటారు సైకిలుపై బయలుదేరి, మిల్లు ఇంక ఐదు కిలోమీటర్లుండగా మరణించెను. అతని కుటుంబమునకు కమిషనరు 2009లో 3,26,140 రూపాయలు ఇప్పించెను; 2011లో హైకోర్టు దానిని కొట్టివేసెను; 2025 జూలైలో సుప్రీంకోర్టు మరల నిలిపెను. ఇరువదిరెండేండ్లు! ఆ యేట పుట్టిన బిడ్డ తానును కూలికి పోవు వయసునకు వచ్చియుండును.

2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన సాంఘిక భద్రతా స్మృతి రాకపోకల ప్రమాదములను అందరు ఉద్యోగులకును చేర్చినది. సంతోషమే. కాని వేళకును, చోటునకును, ఉద్యోగమునకును సంబంధము రుజువు కావలెను. రుజువు చేయునదెవరు? వితంతువు! హాజరుపట్టీ యజమాని బీరువాలో నుండును. ఆమె చేతనుండునది ఆసుపత్రి చీటి. కాదని రుజువు చేయు భారము యజమానిపై నుంచవలెనని మా వాదము.

ఇంతకన్న విపరీతమొకటి గలదు. హైదరాబాదు, విజయవాడ వీధులలో అన్నపు పొట్లములు వీపున తగిలించుకొని అర్ధరాత్రివరకు బండ్లపై పరుగెత్తు యువకులను చూడుడు. వారికి దారియే పని. ఇదే స్మృతి అట్టివారిని యజమాని-ఉద్యోగి సంబంధమునకు వెలుపల నిలిపినది! కావలివాని దారిని పనిలో చేర్చి, దారియే పనియైనవానిని గెంటుట ఏ న్యాయము? వారికి పథకములు రచింపవచ్చునట. కంపెనీలు రాబడిలో నూటికి ఒకటి రెండు రూపాయలు చెల్లించునట. పరిహారము హక్కు, పథకము దయ. దయకై దావా వేసి గెలుచుట ఏ వకీలు తరము?

ఆ నిర్వచనమును సవరింపవలెనని మన పఠనాలయములును కార్మిక సంఘములును తీర్మానములు చేసి, తమ తమ పార్లమెంటు సభ్యులకు వెంటనే పంపవలెను.