స్టీరింగు తేలికైనది, చాకిరీ తేలికైనదా?

తపాలా సంచి రైలు దిగినంత మాత్రాన దాని ప్రయాణం ముగియదు. పార్శిలు మూట ప్లాట్‌ఫారం దాటినంత మాత్రాన చిరునామాదారుకు చేరదు. స్టేషను నుంచి సార్టింగు కార్యాలయానికి, అక్కడి నుంచి పట్టణానికి, పట్టణం నుంచి మండల కేంద్రానికి దానిని చేరవేసేది చిన్న సరుకు వాహనం. పెద్ద నగరాలలో తపాలా శాఖకు మెయిల్ మోటార్ సర్వీసు ఎర్ర వ్యాన్లు ఉన్నవి. అవి లేనిచోట, చాలనిచోట కాంట్రాక్టరు పెట్టిన పికప్ బండ్లు తిరుగుతున్నవి. ఆ కాంట్రాక్టు బండి స్టీరింగు ముందు కూర్చున్న మనిషి మన కేడరువాడు కాడు. అతడి పేరు మన సర్వీసు రిజిస్టరులో ఉండదు. అయినా మనం ప్రారంభించిన పనిని పూర్తి చేస్తున్నది అతడే. అందువల్ల అతడి పనిని గురించి ఈ పుటలలో కొంత వివరంగా చర్చించడం అవసరమని భావిస్తున్నాము.

ఎక్కడ నలుగురు డ్రైవర్లు కూడినా పాత బండి, కొత్త బండి అనే చర్చ తప్పదు. వయసు మళ్లినవారు, ఆనాటి బండిని లొంగదీయడానికి భుజబలం కావలసి ఉండేదని, ఈనాటి కుర్రవాళ్లకు అసలు డ్రైవింగే తెలియదని అంటారు. కుర్రవాళ్లు నవ్వి, ఒక చేత్తో తిరిగే స్టీరింగును రెండు చేతులతో లాగడం గొప్ప ఎట్లా అవుతుందని అడుగుతారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉన్నది. కాని మూడవ మాట ఒకటి ఉన్నది, అది యజమానుల నోట వినిపిస్తున్నది: "ఇప్పటి బండి కారు వంటిది. నడిపేవాడికి ఇంక అలసట ఏమిటి?" మేము పరిశీలించదలచినది ఈ మూడవ మాటను.

ముందుగా పాత బండిని గురించి. బజాజ్ టెంపో వారి మాటడోరు, జీపు చాసిస్ మీద కట్టిన పికప్‌లు, 1986లో వచ్చిన టాటా 407, ఒక తరం డ్రైవర్లకు అన్నం పెట్టిన బండ్లు ఇవి. 1980వ దశకం నడుమ జపాను సంస్థల సహకారంతో ఆల్విన్ నిస్సాన్, స్వరాజ్ మజ్డా, డి.సి.ఎం. టయోటా, ఐషర్ మిత్సుబిషి వచ్చినవి. వీటిలో ఆల్విన్ నిస్సాన్ మన జహీరాబాదులో తయారైనదే. డి.సి.ఎం. టయోటా పేరు ఏనాడో కనుమరుగైనా, తెలంగాణలో ఆ తరహా బండిని ఈనాటికీ "డీసీఎం" అనే పిలుస్తున్నారు.

వీటికి ముందున్న బండ్లలో పవర్ స్టీరింగు లేదు. లోడు మీద ఉన్న బండిని ఇరుకు సందులో తిప్పాలంటే డ్రైవరు సీటులో నుంచి సగం లేచి లాగవలసినదే. సింక్రోమెష్ లేని గేరుబాక్సులో ఒక్కొక్క గేరుకు క్లచ్ రెండేసి సార్లు తొక్కాలి; గేరు దించేటప్పుడు నడుమ యాక్సిలరేటరు కొట్టి ఇంజను వేగాన్ని సరిపెట్టాలి. ముక్కు పొట్టిగా ఉన్న బండ్లలో ఇంజను డ్రైవరు మోకాలి పక్కనే, ఒక మూత కింద ఉడికేది. కమాను కట్టలు బరువు మోయడానికే గాని మనిషిని కాపాడడానికి చేసినవి కావు. ఖాళీ బండి గతుకులలో ఎగిరినప్పుడు ఆ దెబ్బ నేరుగా వెన్నుపూసకు తగిలేది. ఘాటు దిగేటప్పుడు డ్రమ్ము బ్రేకులు వేడెక్కి పట్టు తప్పేవి. ఆ పొగ సంగతి వేరే చెప్పనక్కరలేదు. డీజిలు ఇంజను పొగ మనుషులకు క్యాన్సరు కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనా సంస్థ 2012లో నిర్ధారించినది. కనుక పాత బండిని తలచుకొని నిట్టూర్చేవారితో మేము ఏకీభవించము. నడుము నొప్పి, చెవుడు, దగ్గు ఏ కార్మికుడికీ వారసత్వంగా దక్కవలసిన ఆస్తులు కావు.

అయితే పాత బండికి ఒక గుణం ఉండేది. అది మనిషితో మాట్లాడేది. లోడు ఎక్కువైతే స్టీరింగు ద్వారా చేతికి తెలిసేది. ఇంజను శ్రమ పడితే చెవికి తెలిసేది. ఎక్కడ ఏ శబ్దం మారినా డ్రైవరు బండి ఆపి, తాళ్లు బిగించి, రేడియేటరులో నీళ్లు పోసి, చక్రాలు తట్టి చూసుకొనేవాడు. ఇంజను చల్లారే వరకు కదలడానికి వీలు లేదు. ఆ సమయంలో అతడు చెట్టు కింద నడుము వాల్చేవాడు, ఒక టీ తాగేవాడు. ఆ విశ్రాంతి యజమాని ఇచ్చినది కాదు, చట్టం ఇచ్చినది కాదు. యంత్రం బలహీనత వల్ల దొరికినది.

కొత్త బండి సంగతి చూద్దాము. 2005లో వచ్చిన టాటా ఏస్, రెండు సిలిండర్ల చిన్న ఇంజనుతో, 16 అశ్వశక్తితో, ఎందరో యువకులను సొంత బండివారిని చేసినది. ఆ తరువాత వచ్చిన పికప్‌లలో పవర్ స్టీరింగు, తేలికపాటి క్లచ్, సాఫీగా పడే గేర్లు, ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు మామూలైనవి. 2020 ఏప్రిల్ నుంచి బి.ఎస్.6 ప్రమాణాలు అమలైన తరువాత పొగ బాగా తగ్గినది. ఇవన్నీ మంచి మార్పులే. వీటిని మనస్ఫూర్తిగా ఆహ్వానిస్తున్నాము.

కాని ఈ మార్పులతో అలసట పోలేదు, చోటు మారినది. మునుపు భుజాలలో ఉన్నది ఇప్పుడు కళ్లలోకి, నరాలలోకి చేరినది. తేలికైన స్టీరింగు లోడు బరువును చేతికి తెలియనివ్వదు. గట్టిగా బ్రేకు వేయవలసి వచ్చిన క్షణం వరకు ఆ బరువు దాగి ఉంటుంది. ఇంజను సవ్వడి తగ్గినది గనుక వేగం కూడా తెలియదు. బండి ఎక్కడ ఆగినదో, ఎంతసేపు ఆగినదో యజమాని చేతిలోని ఫోను చెబుతున్నది. అయిదు నిమిషాలు ఎక్కువ ఆగితే డ్రైవరు ఫోను మోగుతున్నది. బండిలో ఏదైనా దీపం వెలిగితే పానా పట్టుకొని చూసుకొనే వీలు లేదు. కంపెనీ వర్క్‌షాపులో కంప్యూటరు తగిలించవలసినదే. తన బండి మీద తనకు ఉండిన పెత్తనం కొంత చేయిజారినది. చేతుల అలసట ముందుగా హెచ్చరిస్తుంది. నిద్ర మాత్రం హెచ్చరించకుండానే వస్తుంది.

ఒక లెక్క వేద్దాము. హైదరాబాదు నుంచి విజయవాడకు దాదాపు 275 కిలోమీటర్లు. గంటకు సగటున 40 కిలోమీటర్లు నడిచే పాత బండికి దాదాపు 7 గంటలు పడుతుంది. సగటున 55 నడిచే కొత్త బండికి 5 గంటలు చాలును. రెండు గంటలు మిగిలినవి. ఆ రెండు గంటలు ఎవరివి? డ్రైవరు రెండు గంటలు ముందుగా దిగి పడుకొంటే అవి అతడివి. "త్వరగా చేరినావు గదా, ఈ రాత్రికే తిరుగు లోడు వేసుకొని రా" అన్నప్పుడు అవి యజమానివి. అంతే కాదు, దానితో డ్రైవింగే 10 గంటలకు చేరినది. లోడు ఎక్కించి దించే సమయం దానిపై అదనం. 7 గంటలు నడిపినవాడు కొత్త బండి పుణ్యమా అని 10 గంటలు నడుపుతున్నాడు. యంత్రం ఇచ్చిన సుఖం మనిషికి చేరకుండా నడుమనే ఖర్చయిపోయినది.

రైల్వే సోదరులకు ఈ కథ కొత్తది కాదు. ఆవిరి ఇంజను నీళ్లకు ఆగేది, నిప్పుగూడు శుభ్రం చేయించుకొనేది, షెడ్డుకు పోయేది. ఆనాడు డ్యూటీ గంటలు తక్కువగా ఉండేవని మేము అనడం లేదు. అవి అతి దారుణంగా ఉండేవి. కాని డీజిలు, విద్యుత్తు ఇంజన్లు వచ్చినప్పుడు, యంత్రం ఆగనక్కరలేదు గనుక మనిషి కూడా ఆగనక్కరలేదన్న వాదన బయలుదేరినది. లోకో రన్నింగ్ సిబ్బంది దానిని అంగీకరించలేదు. 1973 ఆగస్టులో సమ్మె చేసి 10 గంటల డ్యూటీ హామీని ప్రభుత్వం నుంచి రాబట్టినారు. 1974 మే 8న ప్రారంభమైన అఖిల భారత రైల్వే సమ్మె కోర్కెలలో 8 గంటల పనిదినం ఉన్నది. హామీల అమలు కోసం ఆ తరువాత కూడా పోరాడవలసి వచ్చినది నిజమే. అయినా ఆ పోరాటాలు మనకు ఒక సత్యాన్ని నేర్పినవి: యంత్రం ఆగని చోట, మనిషి ఆగడానికి చట్టం కావాలి, చట్టాన్ని నిలబెట్టడానికి సంఘం కావాలి.

పికప్ డ్రైవరుకు ఈ రెండింటిలో ఏది ఉన్నది? 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం సాధారణంగా రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అన్నది. అయిదు గంటల పని తరువాత కనీసం అరగంట విరామం ఇవ్వాలన్నది. కాని ఆ చట్టం అయిదుగురు, అంతకు మించి కార్మికులు ఉన్న సంస్థలకే వర్తించినది. ఒకటి రెండు బండ్ల యజమాని దగ్గర పనిచేసేవాడు దాని నీడకు కూడా రాలేదు. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన వృత్తిపర భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ ఆ చట్టాన్ని రద్దుచేసి, రవాణా సంస్థలకు ఆ పరిమితిని పదిమందికి పెంచినది. గొడుగు పెద్దది చేయవలసిన సమయంలో చిన్నది చేసినారు.

క్యాబిను విషయంలోనూ ఇదే తీరు. 2025 అక్టోబరు 1 తరువాత తయారయ్యే సరుకు వాహనాలకు ఏసీ క్యాబిను తప్పనిసరి చేస్తూ కేంద్ర ప్రభుత్వం 2023 డిసెంబరులో నిబంధన తెచ్చినది. అది ఎన్2, ఎన్3 తరగతులకు, అనగా లోడుతో కలిపి మూడున్నర టన్నులు దాటే వాహనాలకు మాత్రమే. 407 తరహా బండి ఆ గీతకు ఆవల ఉన్నది. మన సంచులు మోసే చిన్న పికప్ ఈవల ఉండిపోయినది. రెంటచింతల ఎండ, రామగుండం ఎండ బండి బరువు తూచి కాయవు గదా!

విశ్రాంతి ఇచ్చే చట్టం కంటికి కనబడని ఈ డ్రైవరు, శిక్షించే చట్టానికి మాత్రం స్పష్టంగా కనబడినాడు. ప్రమాదం చేసి, సమాచారం ఇవ్వకుండా వెళ్లిపోయిన డ్రైవరుకు పదేళ్ల వరకు జైలు విధించే నిబంధన భారతీయ న్యాయ సంహితలో చేరినది. 2024 జనవరి మొదటి రోజులలో దేశమంతటా డ్రైవర్లు బండ్లు ఆపినారు; హైదరాబాదులో పెట్రోలు బంకుల ముందు బారులు తీరిన జనాన్ని మనమందరం చూసినాము. ఫలితంగా 2024 జూలై 1న ఆ సంహిత అమలులోకి వచ్చినప్పుడు ఆ ఒక్క నిబంధనను పక్కన ఉంచవలసి వచ్చినది. విడివిడిగా అనామకులైనవారు కలిసి నిలబడితే ఏమి సాధించగలరో అది చూపినది.

ఒక ఆక్షేపణ ఉన్నది. ఈ బండ్లలో చాలావాటికి డ్రైవరే యజమాని. వాయిదాల మీద కొన్న బండి వాయిదాల కోసమే రాత్రింబవళ్లు తిరుగుతున్నది. అతడి పనిగంటలను ఎవరు నియంత్రిస్తారు? ఇది తేలికగా తోసివేయగల ప్రశ్న కాదు. అయితే సరుకు పంపేవాడు రేటును, సమయాన్ని నిర్ణయిస్తున్నాడు గనుక, విశ్రాంతి బాధ్యత కూడా అతడి మీదనే ఉండాలన్నది మా సమాధానం. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1979 నాటి 153వ ఒడంబడిక నాలుగు గంటల ఏకధాటి డ్రైవింగు తరువాత విరామం, రోజుకు డ్రైవింగు 9 గంటలకు మించరాదన్న పరిమితి, రోజులో 10 గంటల వరుస విశ్రాంతి ఉండాలన్నది. సొంత బండి నడుపుకొనేవారిని కూడా అది లెక్కలోకి తీసుకొన్నది. భారతదేశం దానిని ధృవీకరించలేదు.

కనుక మన సంఘాలు చేపట్టవలసిన కోర్కెలు స్పష్టంగా ఉన్నవి. మొదటిది, తపాలా, పార్శిలు రవాణా కాంట్రాక్టులలో డ్రైవరు పనిగంటలు, విరామం షరతులుగా ఉండాలి. చేరవలసిన వేళలను ఆ విరామంతో కలిపి లెక్కించాలి. రెండవది, కార్మికుల సంఖ్యతో నిమిత్తం లేకుండా డ్రైవర్లందరికీ పనిగంటల రక్షణ ఉండాలి. మూడవది, క్యాబిను నిబంధన చిన్న పికప్‌లకు కూడా వర్తించాలి.

నాలుగవ పనికి ఢిల్లీ వరకు పోనక్కరలేదు. మన సార్టింగు కార్యాలయాలలో, పార్శిలు కార్యాలయాలలో రాత్రి వేళ వచ్చే కాంట్రాక్టు డ్రైవరుకు మంచినీళ్లు ఎక్కడ, మరుగుదొడ్డి ఎక్కడ, రెండు గంటలు పడుకొనే చోటు ఎక్కడ? ప్రతి శాఖా కార్యదర్శి తన కార్యాలయంలో ఈ మూడు ప్రశ్నలు వేసి, సమాధానం లేనిచోట వచ్చే సమావేశపు ఎజెండాలో ఆ విషయాన్ని చేర్చాలి. అతడు మన సభ్యుడు కాడని ఎవరైనా అంటే, నిన్నటి వరకు మన ఇ.డి. ఉద్యోగులను గురించి, స్టేషను పోర్టర్లను గురించి కూడా కొందరు ఇట్లాగే అన్నారని గుర్తుచేయాలి.

బండి మారినది, మంచిదే. ఆ మార్పు వల్ల మిగిలిన గంటలు నడిపేవాడికి దక్కేటట్లు చూడడం మన పని.