ముందు తెర కట్టండి, తరువాత ఫోను తీయండి

ఈ మధ్య ఎవరిని కదిలించినా ఒకటే మాట. చర్మరోగాలకు ఇక పెద్దాసుపత్రి దాకా పోనక్కరలేదట. పక్కవీధి దవాఖానాలో మచ్చ దగ్గర సెల్‌ఫోను పెట్టి ఫొటో తీసి పంపితే, ఎక్కడో కూర్చున్న చర్మవైద్యుడు చూసి మందు చెప్పేస్తాడట. వినడానికి బాగానే ఉంది. నాకూ ఇష్టమే. కాని ఆ ఫొటో ఎవరు తీస్తారండీ, ఎక్కడ నిలబెట్టి తీస్తారు, తీశాక అది ఎవరి ఫోనులో ఉండిపోతుంది అని అడిగి చూడండి. "అవన్నీ చిన్న విషయాలమ్మా, తరువాత చూసుకోవచ్చు" అంటారు.

చిన్న విషయాలా? మన ఒంటిమీద తామర ఎక్కడ వస్తుందో ఆ పెద్దమనుషులకు తెలుసా? చెమట నిలిచే చోట, బట్ట బిగిసే చోట వస్తుంది. గజ్జల్లో, రొమ్ముల కింద, లంగా బొందు కట్టే నడుము దగ్గర. అరచేతిమీద వస్తే అత్తగారికైనా చూపించుకుంటాం. అక్కడ వస్తే కట్టుకున్నవాడికి కూడా చెప్పం. నడుము దగ్గర నల్లగా కమిలిన చారను "చీర కట్టుకునే ప్రతివాళ్ళకీ ఉండేదేగా" అని వదిలేస్తాం. అందరికీ ఉండేదే, నిజమే. కాని ఆ చోట పుండు పడి మానకపోతే వదిలేయకూడదు. 2024లో మహారాష్ట్ర, బీహారు డాక్టర్లు అలాంటి ఇద్దరు ఆడవాళ్ళ సంగతి ఒక వైద్య పత్రికలో రాశారు. ఏళ్ళ తరబడి నడుముకి బిగించిన కట్టు కింద పుండు పడింది, చివరికి అది క్యాన్సరని తేలింది. అరుదే. అయినా ఒకావిడ ఆ పుండును ఏడాదిన్నర మోసిందట.

మా తార్నాక సంగతి చూడండి. ఇటు ఉస్మానియా విశ్వవిద్యాలయం, 1918 నాటిది. అటు మనిషి జన్యువుల గుట్టు విప్పే సీసీఎంబీ, రసాయనాల ఐఐసీటీ, మనం తినే ప్రతి ముద్దకీ లెక్క కట్టే పోషకాహార సంస్థ. ఇంత శాస్త్రం నడుమ, హాస్టలు పిల్లకి తామర వస్తే ధన్వంతరి ఎవరంటే మందుల షాపులో కుర్రాడు! గదిలో తాడుమీద ఆరీ ఆరని బట్టలు వేసుకుని కాలేజీకి పరుగెత్తే పిల్ల అది. ఆ అబ్బాయి ఒక ట్యూబు ఇస్తాడు. రెండు రోజుల్లో దురద మాయం. వారం తిరక్కుండా రెండింతలై వస్తుంది. ఎందుకంటే అందులో ఉన్నది స్టెరాయిడ్. దురదను నిద్రపుచ్చుతుంది, లోపల బూజును మేపుతుంది. మంగు మచ్చలకనీ, తెల్లబడటానికనీ మనవాళ్ళు మొహాన పులుముకునే క్రీముల్లో కూడా చాలావాటిలో అదే. చర్మం పలచబడి, ఎర్రటి నరాలు తేలి, నూగు వెంట్రుకలు వచ్చాక గాని తెలియదు. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి స్టెరాయిడ్ పూతమందులు 14 రకాలను డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడదన్న జాబితాలో చేర్చింది. చీటీ అడిగే షాపు మీకెక్కడైనా కనబడితే నాకూ చెప్పండి!

అందుకే ఫోను వైద్యం రావాలంటాను. మాణికేశ్వరినగర్ నుంచి నాలుగిళ్ళలో పనిచేసుకునే మనిషి గాంధీ ఆసుపత్రికి పోయి చీటీ రాయించుకుని వరసలో నిలబడాలంటే ఆ పూట పని పోయినట్టే. నాలుగు గుమ్మాల్లో మాట పడాలి. ఆ గుమ్మాల్లో మనమే ఉంటాం లెండి. ఆమెకి బస్తీ దవాఖానాలోనే చర్మవైద్యుడి మాట దొరికితే అంతకన్నా ఏం కావాలి? దారి కూడా కొత్తది కాదు. ఆరోగ్య కేంద్రంలోని వాళ్ళు దూరాన ఉన్న డాక్టరుతో మాట్లాడే ఈ-సంజీవని 2019లో వచ్చింది. దూరవైద్యానికి నియమాలు 2020 మార్చిలో వచ్చాయి. రోగి ఫొటోను దుర్వినియోగం చేస్తే తప్పని అందులో రాసి ఉంది కూడా. బాగుంది, అది డాక్టరుగారిని కట్టేస్తుంది. ఫొటో తీసిన కాంపౌండరు సొంత ఫోనును ఎవరు కట్టేస్తారు? సాయంత్రం ఆ ఫోను వాళ్ళింట్లో పిల్లల చేతిలో ఉండదని ఎవరు పూచీ? దవాఖానాకి దవాఖానా ఫోనే ఉండాలి. తాళం పడాలి, పని అయ్యాక అక్కడే ఉండాలి. ఈ ఒక్కటీ ఖాయం చేయకుండా ఏ ఆడదాన్నీ కొంగు తీయమనే హక్కు ఎవరికీ లేదు.

ఇక ఆ ఫొటో మాటకొస్తే, ఈ కాలం ఫోన్లకి ఒక మాయరోగం ఉంది. మనం అడక్కుండానే మొహం నున్నగా చేసి చూపిస్తాయి. పెళ్ళిచూపులకి పనికొస్తుందేమో గాని, పొక్కులు చూపించడానికి వెళితే పొక్కులే మాయం! పైగా ట్యూబులైటు కింద మన చామనచాయ ఒంటిమీద ఎరుపు ఎరుపుగా కనబడదు, ఊదాగానో నల్లగానో కనబడుతుంది. కిటికీ పక్కన పగటి వెలుగులో దూరం నుంచి ఒకటి, దగ్గర్నించి ఒకటి, పక్కన స్కేలు పెట్టి తీయాలి. ఇది నేర్పితే ఒక పూటలో వచ్చే విద్య. నేర్పాలిగా మరి.

నేర్పాల్సింది ఇంకోటి ఉంది. ఫొటో ముట్టుకోలేదు. వీపుమీద పాలిపోయిన మచ్చ శోభి కావచ్చు, కుష్ఠు కావచ్చు. కళ్ళు మూసుకోమని, ఆ మచ్చమీద పెన్ను మొన ఆనించి "తెలుస్తోందా అమ్మా?" అని అడిగితే సగం సంగతి అక్కడే తేలుతుంది. పదివేలమందికి ఒకరికన్నా తక్కువకి దిగింది కనుక కుష్ఠు ఇక ప్రజారోగ్య సమస్య కాదని 2005 చివర్లో దేశం ప్రకటించింది గాని, రోగం ఊరు విడిచి పోలేదు. ఆ పెన్ను ఆనించే నర్సు లేకుండా, ఫొటో ఒక్కటే వెళితే డాక్టరుగారు మాత్రం ఏం చేస్తారు? అలాగే గజ్జికి. "రాత్రిపూట ఎక్కువా? ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?" అని అడగాలి. ఇంటిల్లిపాదీ ఒకేసారి మందు పూసుకోకపోతే ఒకళ్ళకి తగ్గి ఇంకొకళ్ళకి ఎక్కుతుంది. అడిగేది ఆడమనిషి అయితే మనం నిజం చెబుతాం.

"డాక్టర్లే లేనిచోట ఈ పట్టింపులన్నీ ఎందుకమ్మా? ఏదో ఒకటి మొదలుకానీయండి" అని మొన్న ఒక పెద్దాయన విసుక్కున్నారు. ఏదో ఒకటి ఇప్పటికే ఉందిగా, మందుల షాపులో! తెర లేని గదిలో, నేర్పని చేతులతో, ట్యూబు పేరు మాత్రం తిరిగొచ్చే ఫోను వైద్యం ఆ షాపుకి రెండో గుమ్మం అవుతుంది. ఒకసారి సిగ్గుపడి తిరిగొచ్చిన మనిషి మళ్ళీ ఆ దవాఖానా మెట్టు ఎక్కదు. పక్కింటావిడనీ ఎక్కనివ్వదు.

ఖర్చంటారా? తెరకి నాలుగు గజాల ముదురు రంగు గుడ్డ, ఒక తీగ, రెండు మేకులు. ఫోను కొనడానికి మంజూరు చేసిన సొమ్ములో చిల్లర ఇది. మీ పేటలో ఈ వైద్యం మొదలైందని తెలిస్తే, మచ్చ లేకపోయినా సరే, ఒకసారి వెళ్ళి ఆ గదిలో తెర ఉందో లేదో చూసి రండి.