మందలించే ముందు చెవి చూపించండి

సారంగాపూర్ వంటి పల్లెల మక్తబ్‌లలో రెండు మూడుసార్లు పిలిస్తేగాని పలకని పిల్లవాడిని పరధ్యానపరుడని అనుకోవడం పరిపాటి. అతనికి మాట సరిగా వినబడకపోవచ్చునని మేము తల్లిదండ్రులకు గుర్తుచేస్తున్నాము.

కర్ణభేరి వెనుకనున్న మూడు చిన్న ఎముకలు శబ్దాన్ని లోపలి చెవికి చేరవేస్తాయి. ఆ దారిలో అడ్డంకులు పలు విధాలు. జలుబు తరువాత, పెద్దగా నొప్పి లేకుండానే వినికిడి మందగిస్తే భేరి వెనుక నీరు చేరి ఉండవచ్చు. పిల్లలలో ఇదే అధికం. తరచుగా 3 నెలలలో దానంతటదే తగ్గుతుంది. చెవి పదేపదే కారుతుంటే భేరికి రంధ్రం పడి ఉండవచ్చు. కారేది దుర్వాసనతో కూడినదై ఎంతకూ మానకుంటే, ఎముకలను తినివేసే వ్యాధి ఉందేమోనని వెంటనే చూపించాలి. తలకు దెబ్బ తగిలిన పిదప వినికిడి తగ్గితే ఎముకల కూర్పు విడిపోయి ఉండవచ్చు. చీము, నొప్పి లేకుండా యౌవనంలో, ముఖ్యంగా స్త్రీలలో, క్రమంగా తగ్గితే చివరి ఎముక బిగుసుకుపోయిందేమో చూడాలి.

ఈ లక్షణాలు సూచనలు మాత్రమే. భేరి కదలికను కొలిచే టింపనోమెట్రీ, వినికిడిని కొలిచే ఆడియోమెట్రీ వైద్యునికి తేడాను తెలుపుతాయి. అందాకా కారే చెవిలో నూనె పోయకండి, నీరు చేరనివ్వకండి. వుజూ, స్నానాల వేళ జాగ్రత్త వహించండి.

వినికిడి అల్లాహ్ ప్రసాదించిన అమానతు. పిల్లల విషయంలో దాని సంరక్షణ మనపైనే ఉంది.