ముహూర్తం ముందు.. పైకం వెనుక

గోదావరి డెల్టాలో పెళ్ళిళ్ళ కాలం ఎప్పుడని అడిగితే పంచాంగం ఒక జవాబు చెబుతుంది, ధాన్యం కాటా మరొకటి చెబుతుంది. ఈ రెండూ కలిసిన ఏడాది ఆడపిల్ల తండ్రి కొంత నిబ్బరంగా ఉంటాడు. కలవని ఏడాది, లగ్నపత్రిక రాసుకున్న నాటి నుంచి పెళ్ళినాటి వరకు గడిచే నాలుగైదు వారాలే ఆ కుటుంబాన్ని ఏళ్ళ తరబడి తీరని అప్పులోకి దింపుతున్నాయి. పెళ్ళి ఖర్చులపై చర్చకు కొదవ లేదు. ఖర్చు పెరిగేది ఎక్కువగా ఈ కొద్ది వారాల్లోనేనన్న సంగతిపై మాత్రం పెద్దగా ఎవరి దృష్టీ పడటం లేదు.

డెల్టాలో ఏప్రిల్‌లో దాళ్వా మాసూళ్ళు మొదలవుతాయి. కాలువలు కట్టేసి తిరిగి జూన్‌లో నీరు వదిలేదాకా పొలం పని ఉండదు. చాలాచోట్ల కౌలు రైతు సార్వా పంటలో అధిక భాగాన్ని మక్తా కింద భూయజమానికి కొలిచి, దాళ్వాపై మిగిలే నాలుగు గింజలనే తన సంపాదనగా లెక్కించుకుంటాడు. పిల్ల పెళ్ళికి ఆ సొమ్మే ఆధారం. వైశాఖ, జ్యేష్ఠ మాసాల్లో ఇక్కడ పెళ్ళిపందిళ్ళు ఎక్కువగా లేవడానికి ఎండకాలం సెలవులతోపాటు ఇది కూడా కారణం. అప్పటికి ధాన్యం అమ్ముడై ఉంటుంది, సార్వా పెట్టుబడికి ఇంకా వ్యవధి ఉంటుంది.

2024లో ఈ లెక్క తప్పింది. ఏప్రిల్ నెలాఖరున మూఢం ప్రవేశించింది. అది వదిలేసరికి ఆషాఢం వచ్చింది. మే, జూన్ మాసాల్లో జరగవలసిన పెళ్ళిళ్ళన్నీ ఆగస్టులో వచ్చిన శ్రావణానికి జరిగాయి. అదే సమయంలో ప్రభుత్వానికి అమ్మిన దాళ్వా ధాన్యం సొమ్ము కూడా ఆలస్యమైంది. రాష్ట్రవ్యాప్తంగా రైతులకు రావలసిన రూ.1,674 కోట్ల బకాయిలు జులై, ఆగస్టు మాసాల్లో రెండు విడతలుగా అందాయి. ఆ సొమ్ము వచ్చేసరికి ఒకవైపు నాట్లు, ఎరువులు, కూలీలు. మరోవైపు మండపం బయానా, బంగారం, వంటవాళ్ళు. ఒకే పైకానికి పొలమూ పందిరీ పోటీపడ్డాయి. ఇటువంటి పోటీలో పొలం నెగ్గదు. నాట్లు వారం ఆలస్యమైనా ఫరవాలేదనుకుంటారు గాని ముహూర్తాన్ని గడియ జరపడానికి ఎవరూ సాహసించరు.

ముహూర్తాలు కొన్ని రోజుల్లోనే కుదించుకుపోయినప్పుడు ధరలకూ రెక్కలు వస్తాయి. ఒకే రోజున మండలంలో అనేక పెళ్ళిళ్ళు ఉంటే మండపం అద్దె, సన్నాయి మేళం, వీడియోగ్రాఫరు, కడియం పూలు.. దేనికీ బేరం ఆడే వీలుండదు. పురోహితుడు సైతం ఒక ఇంట తలంబ్రాలు కాగానే మరో ఇంటికి పరుగు తీయవలసిందే.

పత్రిక అచ్చయ్యాక..

తాంబూలాలు పుచ్చుకునే రోజున ఇరుపక్షాల మాటకూ దాదాపు సమానమైన బరువు ఉంటుంది. నచ్చకపోతే లేచి రావచ్చు. లగ్నపత్రిక రాయగానే ఆ సమానత్వం సడలుతుంది. శుభలేఖలు అచ్చయి, పసుపు రాసి దేవుని వద్ద పెట్టి, ఇంటింటికీ బొట్టు పెట్టి పిలుపులు మొదలయ్యాక ఆడపిల్లవారికి వెనుదిరిగే దారి ఉండదు. సరిగ్గా ఆ దశలోనే కొత్త కోరికలు ఒకటొకటిగా బయటపడతాయి. ఆడపడుచు లాంఛనం కొంత పెంచాలంటారు. విడిదిలో ఏసీ గదులు కావాలంటారు. భోజనాల్లో తాపేశ్వరం కాజా, ఆత్రేయపురం పూతరేకులు లేకపోతే మావాళ్ళు ఏమనుకుంటారోనని నవ్వుతూనే అంటారు. విడివిడిగా చూస్తే ఏదీ పెద్దది కాదు. కట్నమని ఎవరూ పేరు పెట్టరు. అన్నీ కలిపితే మాత్రం మొదట అనుకున్న అంచనాకు పొంతన ఉండదు.

ఇంటి లోపల ఈ వారాల్లో పని తెమలదు. గోడలకు సున్నాలు, పందిరి రాట, పసుపు దంచడం, అరిసెలకు బియ్యం నానబెట్టడం, సారె సామాను సర్దడం, పెట్టుబడి చీరల జాబితా. ఏ బంధువుకు ఎంత ఖరీదు చీర పెట్టాలన్నది తేలడానికే రెండు రాత్రులు పడుతుంది. తాడితోట వస్త్ర దుకాణాలకు ఒక్కసారి వెళ్ళి వస్తే చాలదు. పదేళ్ళ క్రితం తమ ఇంట శుభకార్యంలో పెట్టిన చీర నాణ్యతను గుర్తుపెట్టుకున్న పిన్నిగార్లకు లోటు లేదు. ఈ భారమంతా పెళ్ళికూతురి తల్లిపైనే పడుతుంది. డబ్బు ఎక్కడి నుంచి వస్తోందన్న సంగతి మాత్రం ఆమెకు సగమే తెలుస్తుంది. వడ్డీ వ్యాపారి వద్ద రాసిన ప్రోనోటు గురించి పెళ్ళయ్యాక పదహారు రోజుల పండుగ నాటికి గాని ఆమె చెవిన పడదు.

నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే వినడానికి స్వల్పంగానే ఉంటుంది. ఏడాదికి అది 24 శాతం. మూడు లక్షలు తెస్తే నెలకు ఆరు వేలు, ఏడాదికి 72 వేలు వడ్డీకే సరి. రెండు మూడు ఎకరాల కౌలు రైతుకు ఒక దాళ్వా మిగులు మొత్తం దానికే పోయినా ఆశ్చర్యం లేదు. సొంత భూమి లేనందున బ్యాంకు రుణం అంత తేలికగా దొరకదు. సాగుహక్కు పత్రం కోసం 2019లో చట్టం వచ్చినా, దానికి భూయజమాని అంగీకారం కావలసి రావడంతో ఎందరో కౌలుదారులు దానికి దూరంగానే ఉండిపోయారు. తేదీ దగ్గరపడేకొద్దీ వడ్డీపై బేరమాడే ఓపిక కూడా నశిస్తుంది. ఇచ్చినవాడే దేవుడు.

బంగారం సంగతి వేరుగా చెప్పుకోవాలి. 2005 ప్రాంతంలో పది గ్రాముల మేలిమి బంగారం ఏడు వేల రూపాయలకు అటూ ఇటూగా ఉండేది. 2025 ఏప్రిల్‌లో అది తొలిసారిగా లక్ష రూపాయలను తాకింది. ధర ఇన్ని రెట్లు పెరిగినా, పెట్టవలసిన కాసుల లెక్క మాత్రం ఆ స్థాయిలో తగ్గలేదు. అమ్మమ్మ నాటి మాటనే ఇప్పటికీ కొలమానంగా తీసుకోవడం వింతగా తోస్తుంది. తల్లి నగలను తాకట్టుపెట్టి కూతురికి నగలు కొనడం, తరుగుకూ మజూరీకీ మళ్ళీ చెల్లించడం ఎన్నో ఇళ్ళలో జరుగుతున్నదే. తల్లి పాత గొలుసునే కరిగించి చేయిస్తే అత్తవారింట చిన్నచూపు చూస్తారన్న భయం దీనికి మూలం.

కొత్త వేడుకలు ఈ ఖర్చుకు తోడయ్యాయి. పెళ్ళికూతుర్ని చేసి మంగళస్నానం చేయించే సంప్రదాయం మనకు ఉండనే ఉంది. దాని పక్కనే హల్దీ, మెహందీ, సంగీత్ వచ్చి కూర్చున్నాయి. పెళ్ళికి ముందు ఫొటోల చిత్రీకరణకు కోనసీమ కొబ్బరితోటలు, గోదావరి గట్లు వేదికలయ్యాయి. వయసులో ఉన్న పిల్లల ముచ్చటను తప్పుపట్టనక్కర లేదు. కాకపోతే ఈ ముచ్చట్ల ఖర్చును వరుడి పక్షం సగం భరించిన సందర్భాలు వేళ్ళపై లెక్కించవచ్చు.

ఇంతటి హడావుడిలో పెళ్ళికూతురి మాట ఎక్కడా వినిపించదు. ఉద్యోగం చేస్తున్న అమ్మాయి అయినా తన జీతంలో దాచిన సొమ్మును నాన్న చేతిలో పెట్టి ఊరుకుంటోంది. మండపం చిన్నది చూడండని ఆమె అంటే, నీకు తెలియదు ఊరుకోమన్న సమాధానం సిద్ధంగా ఉంటుంది.

ప్రభుత్వ సాయం కూడా ఈ వారాల్లో అక్కరకు రాదు. 2022 అక్టోబరు నుంచి రాష్ట్రంలో అమలు చేసిన కల్యాణమస్తు పథకంలో వధూవరులిద్దరూ పదో తరగతి ఉత్తీర్ణులై ఉండాలన్న నిబంధన పెట్టడం మెచ్చదగినదే. అయితే దరఖాస్తు పెళ్ళయ్యాకనే, సొమ్ము ఆ తర్వాతనే. పెళ్ళికి ముందు చేసిన అప్పు అంతవరకు ఆగదు.

1961 నాటి వరకట్న నిషేధ చట్టం ప్రకారం కట్నం అడగడమే నేరం. నేరం రుజువైతే ఆరు నెలలకు తగ్గకుండా రెండేళ్ళ వరకు జైలు శిక్ష ఉంది. ఇవ్వడమూ నేరమే కనుక తామూ చిక్కుకుంటామని ఆడపిల్ల తల్లిదండ్రులు నోరు మెదపరు. బాధితులు ఇచ్చిన వాంగ్మూలాన్ని ఆధారం చేసుకొని వారిపైనే కేసు పెట్టరాదని ఆ చట్టంలోని ఏడో సెక్షను చెబుతోంది. ఈ సంగతి గ్రామాల్లో ఎందరికి తెలుసు? 1985 నిబంధనల ప్రకారం పెళ్ళిలో ఇచ్చిన కానుకలన్నింటికీ విలువతో సహా జాబితా రాసి వధూవరులిద్దరూ సంతకాలు చేయాలి. ఏ చీర ఎవరికన్నది రాసుకోవడానికి రెండు రాత్రులు వెచ్చించే ఇళ్ళలో ఈ జాబితాకు ఒక కాగితం ముక్క దొరకడం లేదు. తాంబూలాల నాడే దాన్ని ప్రస్తావించి, ఇకపై కొత్తగా ఏదీ అడగరాదని ఇరుపక్షాల ఎదుట చెప్పగల పెద్దమనుషులు ఊరికి ఒకరిద్దరైనా ఉండరా? లగ్నపత్రిక రాసిన తర్వాత వారు వచ్చినా చేయగలిగింది తక్కువే.