లేజరు నేత్రచికిత్స

సులోచనములను వదలించుకొనవలయునను కోరిక మన యువజనులలో నానాటికి ప్రబలుచున్నది. పెండ్లిచూపులకు ముందొకరు, ఉద్యోగ పరీక్షలకు ముందొకరు లేజరు చికిత్సకై వైద్యశాలలకు పరువెత్తుచున్నారు. కొన్ని నిమిషములలో పని ముగియునని ప్రకటనలు చాటుచున్నవి. ఆ నిమిషములలో కంటికి జరుగునదేమో అవి చెప్పవు.

ఈ చికిత్స మోసమని మేమనుట లేదు. 1981 లో అమెరికాయందలి ఐ.బి.యం. పరిశోధనాలయమున, మన దేశమున జన్మించిన రంగస్వామి శ్రీనివాసన్ సహచరులతో గూడి, ఎక్సైమరు లేజరు చుట్టుప్రక్కల కాల్పకయే జీవపదార్థమును చెక్కగలదని కనుగొనెను. నాడు వారు ప్రయోగించినది పండుగ విందులో మిగిలిన టర్కీ కోడి ముక్కపైననట! నేడీ చికిత్స పొందినవారిలో అత్యధికులు సంతృప్తులే.

అయినను కార్నియా మందము అర మిల్లీమీటరునకు కొంచెము హెచ్చు, అంతే. లాసిక్ పద్ధతిలో దానిపై పలుచని రేకు నెత్తి, క్రింది భాగమును చెక్కుదురు. సన్నని నాడులు తెగుటచే కన్ను పొడివారవచ్చును. రాత్రులందు దీపముల చుట్టు వలయములు తోచవచ్చును. అమెరికా ప్రభుత్వ ఔషధశాఖవారి పరిశీలనలో, పూర్వము పొడిదనము లేనివారిలో 28 శాతము వరకు మూడు నెలల పిమ్మట ఆ బాధ చెప్పుకొనిరి. పెక్కుమందికది క్రమముగా తగ్గును, కొందరికి తగ్గదు. చెక్కగా మిగిలిన పొర మరీ పలుచనైనను, కెరటోకోనస్ వ్యాధి ముందే దాగియున్నను, కార్నియా ముందునకుబ్బి చూపు వికృతమగును. ఇది అరుదే, వచ్చినచో మామూలు అద్దములతో సరిపడదు.

కావున యంత్రము పేరడుగుటకంటె ముందు పరీక్ష సంగతి యడుగవలెను. కార్నియా ఆకృతిని, మందమును కొలిపించుకొనవలెను. కాంటాక్టు లెన్సులు ధరించువారు, మెత్తనివైనచో రెండు వారములు, గట్టివైనచో అంతకు మించి, ముందుగా మానకున్న కొలతలు తప్పును. కంటి నెంబరు ఏడాదిగా నిలుకడగా నుండవలెను. గర్భిణులు, పాలిచ్చు తల్లులు ఆగవలెను. పిమ్మట కన్ను నలుపుట, ఈతలాడుట వైద్యుడు చెప్పువరకు కూడదు. నలుబదేండ్లు దాటినవారికి చదువుటకు అద్దములు మరల కావలసివచ్చునని కూడ ముందే చెప్పవలెను.

ఇన్నియు రోగికి తెలియుటెట్లు? అంగీకార పత్రముననుండును, ఆ పత్రము తరచుగ ఆంగ్లమున నుండును. కంటిలో చుక్కలు వేసి, అక్షరములు మసకలైన వేళ శస్త్రశాల వాకిట చేయించు చేవ్రాలు అంగీకారమగునా? తగిన సమాచారమిచ్చి పొందినదే చెల్లు అంగీకారమని 2008 లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. వైద్యశాలలవారు పత్రమును తెలుగున అచ్చొత్తించి, ఇంటికిచ్చి పంపి, చదువుకొనుటకు కొన్ని దినములైన గడువీయవలెనని మేము కోరుచున్నాము. నీ కంటికిది తగదని త్రిప్పిపంపు వైద్యునిపై అలుగక, ఆయన రుసుము సంతోషముతో చెల్లించి రావలెనని పాఠకులకు మా మనవి.